పదహారు తేలు కాదు

గేజి తాత కూతురు పోయిన మంగళవారం నాడు చెరువు మట్టం ఆరడుగుల నాలుగంగుళాలు. గాలి లేదు. ఆకాశం నిర్మలం.

ఈ మూడు సంగతులూ గేజి తాత పుస్తకంలో ఉన్నాయి. దక్షిణపు గట్టున నాటిన కొలతరాయి మీద నీటి మట్టం చూసి రాయడం ముప్ఫై నాలుగేళ్లు ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయి ఆరేళ్లయినా చెయ్యి ఊరుకోలేదు. పొద్దున ఏడింటికి ఒకసారి, పది నలభైకి ఇంకోసారి రాయి చూస్తాడు, తలెత్తి ఆకాశం చూస్తాడు, రాస్తాడు. రెండో పూట రాత కూతురి కోసం మొదలుపెట్టింది. ఉపగ్రహాలు పైనుంచి తీసిన బొమ్మల్లో చెరువులు ఏటేటా ఎంత తరిగిపోతున్నాయో కొలిచే ఆఫీసులో ఆమె పని. పటం మీద చుక్కలు పెట్టుకుని, ఒక్కో చుక్క దగ్గరికీ పడవలో వెళ్లి, కోల దించి, బొమ్మ చెప్పింది నిజమో కాదో చూసుకునేది. అందుకని అందరూ చుక్కలమ్మాయి అనేవారు. ఉపగ్రహం ఆ చెరువు మీదుగా పోయేది పది నలభై రెండుకి. "అది చూసే వేళకి నేనూ చూడాలి నాన్నా" అని, సరిగ్గా ఆ వేళకే వెళ్లి చుక్క దగ్గర నిలబడేది.

నాలుగో సంగతి ఆ పుస్తకంలో లేదు. ఆ రోజు కూతురు పదింటికి ఈశాన్య మూలకి పడవ వేసుకుని వెళ్లిందనీ, ఒంటిగంటకి అన్నానికి రాలేదనీ, మర్నాడు తొమ్మిదింటికి నీటి మీద దుప్పటిలా అల్లుకున్న గుర్రపుడెక్క కింద దొరికిందనీ ఆయన ఎక్కడా రాయలేదు. అలాంటివి రాయడానికి అందులో గడి లేదు.

అది జరిగి మూడు వారాలు. ఇవాళ సాయంత్రం ఐదింటికి పోలీసులు ఫైలు మూసేస్తున్నారు.

పొద్దున తొమ్మిదిన్నరకి స్టేషను గుమ్మంలోనే ఆ మాట వదినగారి చెవిన వేశాడు రైటరు.

వదినగారు అన్నది ఆవిడ పేరు కాదు. వేలిముద్రల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, బయటికొచ్చి, ఒంటిగదిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. ఆ స్టేషను ఇన్‌స్పెక్టర్ ఆవిడ మరిది. వాడు వదినా అంటాడు కనుక రైటరు వదినగారన్నాడు, రైటరు అన్నాడు కనుక కానిస్టేబుళ్లన్నారు, ఆఖరికి లాకప్పులో దొంగలు కూడా "వదినగారొచ్చారు, జాగ్రత్త" అనుకునేదాకా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కూర్చునే కుర్చీలో ఐదేళ్ల కిందటి వరకూ ఆవిడ భర్త కూర్చునేవాడు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

"కూర్చోండి వదినా. టీ తాగండి. ఫైలు మాత్రం అడక్కండి."

"టీ వద్దు. ఫైలియ్యి."

"ఏముందని అందులో?" ఇన్‌స్పెక్టర్ ఫైలు మీద మోచెయ్యి ఆనించాడు. "ఆ అమ్మాయి సంతకం పెట్టిన పటంలోనే ఆ మూల నలభై ఎకరాలూ గట్టినేల అని ఉంది. నేల అనుకుని దిగింది. నేల కాదు. మునిగింది. ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయి. ఇంకేం కావాలి?"

"పదకొండేళ్లు ఆ చెరువు కొలిచిన పిల్ల గుర్రపుడెక్కని నేల అనుకుందా?"

"ఈతగాళ్లే నీళ్లలో పోతారు వదినా."

"శవాన్ని తీసిందెవరు?"

"కలుపు మిషను వాళ్లు. గుర్రపుడెక్క కోసి గట్టుకెయ్యడానికి చెరువులో ఒక మిషను తిరుగుతుంది కదా, దాని డ్రైవరూ, మనుషులూ."

"అంటే మీవాళ్లెవరూ బూట్లు తడుపుకోలేదన్నమాట."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. ఫైలు తెరిచి ఒక కాగితం ఆవిడ ముందుకు తోశాడు. "చదువుకోండి. మేం ఎంత లోతుగా వెళ్లామో తెలుస్తుంది."

వదినగారు చదివారు. 'మృతురాలి నోటుపుస్తకమును బట్టి సదరు ప్రాంతమందు తేళ్లు అధికముగా నున్నట్లు తెలియుచున్నది. తేలును చూచి బెదిరి, కాలు జారి పడియుండవచ్చును.'

రెండోసారి చదివారు. అక్షరాలు మారలేదు.

"నీళ్ల మీద తేళ్లేమిటయ్యా?"

"నేను రాయలేదు వదినా, ఆ అమ్మాయే రాసుకుంది. చూడండి." నోటుపుస్తకం ఆఖరి పేజీ నకలు తీసి చూపించాడు.

12 – తేలు
13 – తేలు
14 – గట్టి
15 – తేలు
16 – తేలు కాదు
17 – రేపు

"పదహారు తేలు కాదట. మరి ఏమిటట?"

"మండ్రగబ్బేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రైటరు నవ్వాపుకోలేక గోడకేసి తిరిగాడు. వదినగారికి నవ్వు రాలేదు. పదకొండు రోజులుగా కాళ్లరిగేలా తిరుగుతున్నారు. నోటుపుస్తకం నకలు అడిగితే అర్జీ పెట్టమన్నారు, అర్జీ పెడితే తేదీ తప్పన్నారు, తేదీ దిద్దితే దిద్దుడు చెల్లదన్నారు. తీరా చేతికొచ్చేసరికి ఏడున్నర గంటలే మిగిలాయి. ఆవిడ నకలు మడిచి సంచీలో పెట్టుకున్నారు.

"ఐదింటివరకూ ఫైలు కదపకు."

"ఐదు దాటి ఒక్క నిమిషం కూడా ఆగను. తరువాత మీరు నన్ను తప్పు పట్టకండి."

"తప్పు ఎవరిదో తేల్చడానికే తిరుగుతున్నాను," అన్నారు వదినగారు. మొదటి రోజు గేజి తాత ఆవిడ ఆఫీసుకొచ్చి అడిగింది అదే. ఎవరు చంపారని అడగలేదు. "నా కూతురు తప్పు కొలిచిందా, లేదా? అదొక్కటీ చెప్పమ్మా," అన్నాడు.

*

పటాల ఆఫీసులో పదకొండుం పావుకి లోపలికి వదిలారు. అంతకుముందు మూడు కాగితాలు నింపాల్సొచ్చింది. దారంతో బల్లకి కట్టేసిన కలంలో సిరా లేదు. సొంత కలంతో రాస్తే, నీలం కాదు నల్లసిరా కావాలన్నారు.

పటాల సారు చుక్కలమ్మాయి పక్క బల్ల మనిషి. ఎనిమిదేళ్లు పక్కపక్కన పనిచేశారు. చల్లటి గదిలో మెడకి శాలువా చుట్టుకుని కూర్చున్నాడు. ఆమె బల్ల అప్పుడే ఖాళీ చేసేశారు, ఒక మూల చెక్క మీద సన్నటి బురద గీత మాత్రం తుడవకుండా మిగిలింది.

"పాపమండీ. చాలా శ్రద్ధగల అమ్మాయి. శ్రద్ధ ఎక్కువైనా ప్రమాదమే."

"ఆ మంగళవారం ఉపగ్రహం తీసిన బొమ్మ చూపించండి."

ఆయన ఒక పెద్ద కాగితం పరిచాడు. చెరువు నల్లగా, చుట్టూ అంతా ఎర్రగా ఉంది.

"ఈ ఎరుపేమిటి?"

"పచ్చదనమండీ."

"ఎరుపు పచ్చదనమా?"

"మొక్కలు మన కంటికి కనపడని వెలుగొకటి వెదజల్లుతాయి. దానికి మేం ఎరుపు వేస్తాం. ఎంత ఏపుగా ఉంటే అంత ఎరుపు. నీళ్లు నలుపు. ఉత్త మట్టి బూడిద నీలం."

"మరి ఇదేమిటి?" ఈశాన్య మూల మీద తెల్లటి మచ్చ ఉంది, దూదిపింజ అతికించినట్టు.

"మబ్బు. సరిగ్గా ఆ మూల మీదే పడింది, మన ఖర్మ."

"కింద ఏముందో?"

"మబ్బు కింద ఏముందో ఆ పైవాడికే తెలియాలి."

"మీరు ఆ చెరువుకి వెళ్తుంటారా?"

"నాకు బురద పడదండీ. ఎనిమిదేళ్లలో ఒక్కసారి ఆ గట్టు ఎక్కితే ఒట్టు."

వదినగారు నకలు తీసి ముందు పెట్టారు. "ఇది?"

పటాల సారు కాగితాన్ని చేతిలోకి తీసుకోలేదు. మెడ సాచి చూశాడు. చూపు పై వరస నుంచి కిందికి రాలేదు, తిన్నగా కింది రెండు వరసల మీదికే పోయింది. ఆవిడ అది గమనించారు.

"తేళ్లండీ. చెరువు గట్టు కదా, ఉంటాయి."

"ఎనిమిదేళ్లు పక్క బల్ల కదా. ఆ అమ్మాయి ఇంకో అర్థంలో ఎప్పుడూ వాడలేదా?"

"తేలు అంటే తేలే కదండీ," అని గడియారం చూసుకున్నాడు.

"ఈ బొమ్మ నకలివ్వండి. ఇంకో రోజుది కూడా, మబ్బులున్న రోజుది."

"మబ్బులున్నదెందుకండీ, ఏమీ కనపడదు."

"నాకు ఇక్కడేమీ కనపడటం లేదు, అది వేరే సంగతి. ఇవ్వండి."

ఇంకో మూడు కాగితాలు నింపాక ఇచ్చారు. బస్సు దొరికి చెరువు చేరేసరికి ఒకటింపావు. ఇన్‌స్పెక్టర్‌కి రెండుసార్లు ఫోను చేశారు. తీయలేదు.

*

గేజి తాత అరుగు మీద కూర్చుని కోలకి రంగు వేస్తున్నాడు. అడుగు ఎరుపు, అడుగు తెలుపు. తడి ఆరని చివర గాల్లో ఉండేలా ఇటుక మీద ఆనించి లేచాడు.

వదినగారు నకలు చేతికిచ్చారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. కూతురి అక్షరాలు చూస్తున్నాడో, మాటలు చూస్తున్నాడో తెలియలేదు.

"ఈ కాగితం మూడు వారాలుగా వాళ్ల దగ్గరే ఉందా?"

"ఉంది."

"నన్నెవరూ అడగలేదమ్మా."

"తేళ్ల గురించి రాసుకుందని..."

"తేళ్లేమిటి!" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "తేలు అంటే తేలేది. చిన్నప్పుడు దానికి నేనే నేర్పాను. పచ్చగా కనపడ్డ ప్రతిచోటా నేల అనుకోకు, కోల దించు. దిగకపోతే గట్టి. దిగిందా, అది తేలు. కింద నీళ్లే, పైన గడ్డి తేలుతోంది. పన్నెండు తేలు, పదమూడు తేలు, పద్నాలుగు గట్టి... అంతా చెరువే అని రాసింది అది. ఒక్క పద్నాలుగే పాత దిబ్బ."

వదినగారు కాగితం మీదికి వంగి మళ్లీ చదివారు. పదకొండు రోజులు! ఈ మాట చెప్పగలిగిన మనిషి రోజూ తన ఎదురుగా కూర్చుని ఏమైందమ్మా అని అడుగుతూనే ఉన్నాడు.

"అయితే ఆ మూలంతా గట్టినేల అన్న పటం?"

"నా కూతురు వెయ్యలేదు."

"తేలు అన్న మాట ఆ ఆఫీసులో ఇంకెవరికైనా తెలుసా?"

"అందరికీ తెలుసు. పటాల సారు ఇక్కడికొచ్చినప్పుడు, మీ అమ్మాయి మాటనే మా కంప్యూటర్లో పెట్టేశామండీ అని నవ్వాడు కూడాను."

"ఇక్కడికా? ఎప్పుడు?"

"మూడు నాలుగుసార్లు వచ్చాడు. ఆ గట్టు మీదే నిలబడి కలుపు మిషను డ్రైవరుతో మాట్లాడేవాడు."

ఎనిమిదేళ్లలో ఒక్కసారి ఎక్కితే ఒట్టు అన్న మనిషి ఒట్టు ఏ గట్టున పెట్టాడో అనుకున్నారు వదినగారు.

"మరి పదహారు తేలు కాదంటే, గట్టి అనేగా? గట్టి అనే రాయొచ్చుగా?"

"గట్టి అంటే పాత నేలమ్మా. పదహారు దగ్గర తొమ్మిదడుగుల నీళ్లుండాలి. అక్కడ కోల దిగలేదంటే అది పాత నేలా కాదు, తేలేదీ కాదు. దానికి మా దగ్గర మాట లేదు. అందుకే అలా రాసి ఉంటుంది." కాగితం తిరిగిచ్చి ఇంకో కోల అందుకున్నాడు. "పదండి."

నిలువెత్తు జమ్ము గడ్డి దాటితే గాని ఈశాన్య మూల కనపడదు. దక్షిణపు గట్టు నుంచి ఏం చూసినా జమ్మే. పడవ పచ్చదనంలోకి దూరింది. పన్నెండో చుక్క దగ్గర తాత కోల దించితే తొమ్మిదడుగులూ చప్పుడు లేకుండా పోయింది. పదిహేను దగ్గరా అంతే. పదహారు దగ్గర గుర్రపుడెక్క పసుపు తిరిగి ఉంది. వేళ్లకి నీళ్లు చాలనట్టు ఆకులు వాడిపోయాయి.

"పైనుంచి చూస్తే ఇక్కడ ఎరుపు తగ్గి ఉంటుంది. అది చూసే వచ్చింది," అన్నాడు తాత.

కోల దించాడు. రెండడుగుల దగ్గర ఠక్కుమంది.

ఆయన చెయ్యి కోల మీద అలాగే ఉండిపోయింది. తరువాత పైకి లాగాడు. చెరువు అడుగంతా నల్ల బురద. కోల కొనకి అంటింది ఎర్ర మొరం.

వదినగారు పడవ అంచు మీంచి వంగి గుర్రపుడెక్క పక్కకి లాగబోయారు. రాలేదు. కింద చెయ్యి పెట్టి తడిమితే నైలాను తాడు తగిలింది. చాపలు కుట్టినట్టు గడ్డిని తాడుతో కుట్టి, నాలుగు మూలలా వెదురు గూటాలు దిగ్గొట్టారు.

"ఉత్త మట్టి పోస్తే బొమ్మలో బూడిద నీలంగా పట్టుబడుతుంది," అన్నారు వదినగారు నెమ్మదిగా. "అందుకని పచ్చ దుప్పటి కింద నింపుకుంటూ వచ్చారు. నింపడం అయ్యాక దుప్పటి తీసేసి, ఇక్కడ ఎప్పుడూ నేలే, చుక్కలమ్మాయి సంతకం ఉన్న పటమే చెబుతోంది అని చూపించి అమ్ముకుంటారు."

తాత ఆ మాట విన్నట్టు లేడు. నీళ్లకేసి చూస్తున్నాడు. "ఇక్కడే కదమ్మా తీశారు?"

"ఇక్కడనే చెప్పారు."

"రెండడుగుల నీళ్లు. దానికి మోకాలి వరకు వస్తాయి." కోల మీది తడి గుర్తుకి బొటనవేలు ఆనించి, "మోకాలి లోతులో మునగదు కదా," అన్నాడు.

"మునగదు," అన్నారు వదినగారు.

తిరిగొచ్చేసరికి గట్టు మీద కలుపు మిషను డ్రైవరు బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని కత్తెరపళ్లకి గ్రీజు పూస్తున్నాడు. వీళ్లని చూసి లేవలేదు.

"ఏం తాతా, ఏం కొలిచారు?"

"గడ్డి," అన్నారు వదినగారు. "ఆ మంగళవారం మిషను ఎక్కడుంది?"

"షెడ్డులోనే ఉందమ్మా. మబ్బుగా ఉంది కదా, వానొస్తుందని బయటికే తియ్యలేదు."

"మర్నాడు నువ్వే తీశావటగా శవాన్ని. ఎంత లోతులో ఉంది?"

"అబ్బో, చాలా లోతమ్మా. రెండు నిలువులుంటుంది."

"ఎవరి నిలువులు? నీవా, నీ మిషనువా?"

డ్రైవరు గ్రీజు గుడ్డ పక్కన పడేశాడు. ఈశాన్య మూలకేసి ఒకసారి చూసి, మళ్లీ ఆవిడ కేసి చూశాడు. "చెరువు మంచిది కాదమ్మా. పెద్దాయన్ని ఎక్కువ తిప్పకండి."

వదినగారు తాతని ఇంటిదాకా దిగబెట్టి పుస్తకం తెరిపించారు. మూడు వారాల కిందటి మంగళవారం, పది నలభై: ఆకాశం నిర్మలం. నలభై ఏళ్లలో ఒక్క రోజూ అబద్ధం రాయని చెయ్యి. ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకున్నారు.

"ఆ రోజు బొమ్మ ఇంకెక్కడైనా దొరుకుతుందా?"

"అమ్మాయి నాకు ఫోనులోనే చూపించేది. ఇవేం రహస్యాలు కాదు నాన్నా, లోకంలో ఎవరైనా చూసుకోవచ్చు, కానీ ఎవరూ చూడరు అనేది."

ఆ పేజీ ఎలా తెరవాలో ఆయన ఒక చీటీ మీద గుర్తుగా రాసిచ్చాడు.

"పదిహేడు కొలవడానికి ఇప్పుడు వేళ లేదు, ఆ సంగతి పోలీసులు చూస్తారు. మీరు మాత్రం ఇల్లు కదలకండి," అన్నారు ఆవిడ.

"కొలవకుండా రాయకూడదమ్మా," అన్నాడు గేజి తాత. అది ఔననడమో కాదనడమో అడిగి తెలుసుకునే తీరిక ఆవిడకి లేదు.

*

బస్సు నలభై నిమిషాలు రాలేదు. ఇన్‌స్పెక్టర్ ఫోను ఈసారి మోగి మోగి ఆగింది. ఫోనులో చెరువు బొమ్మ తెరుద్దామంటే ఒక గీత తిరుగుతూనే ఉంది గాని తెరుచుకోదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది ఆవిడ పని. స్టాపులో గొడుగైనా లేని ఇనుప స్తంభం పక్కన నిలబడి, పటాల సారు ఇచ్చిన రెండు బొమ్మలూ మళ్లీ విప్పారు.

స్తంభం నీడ కాగితం మీద అడ్డంగా పడింది. పక్కకి జరిపారు. నీడ మళ్లీ పడింది. విసుగ్గా కాగితం తిప్పబోయి ఆగిపోయారు.

నీడ.

రెండో బొమ్మలో, మబ్బులున్న రోజుది, పది పన్నెండు తెల్లటి ముద్దలున్నాయి. ప్రతి ముద్దకీ ఎడమపక్కన, కాస్త పైగా, నల్లటి జంట ఉంది. పొద్దుటి ఎండకి పడ్డ నీడలు. ఒక్కటీ తప్పిపోలేదు. మంగళవారం బొమ్మలో మబ్బు ఒక్కటే. దాని ఎడమపక్కన, కాస్త పైగా, ఉత్తరపు గట్టుకవతల, పొలాలు ఎర్రగా మెరుస్తున్నాయి. నీడ లేదు.

ఆకాశంలో పుట్టిన మబ్బు కాదది.

*

స్టేషను చేరేసరికి నాలుగున్నర. ఇన్‌స్పెక్టర్ ఫైలుకి దారం చుట్టబోతున్నాడు.

"ఫోనెందుకు తియ్యవు?"

"ఐదింటివరకూ మీ గోల వినకూడదని," అన్నాడు నిజాయతీగా.

వదినగారు దారం కొస పట్టుకుని లాగేశారు. బొమ్మలు రెండూ బల్ల మీద పరిచారు. తాత పుస్తకం ఫొటో పెట్టారు. సంచీలోంచి రుమాలు తీసి విప్పితే ఎర్ర మొరం బల్ల మీద రాలింది.

"ఇది ఆ పిల్ల మునిగిందని నువ్వు రాసిన చోటు నుంచి. రెండడుగులకే తగిలింది. తేలు అంటే కుట్టేది కాదయ్యా, తేలేది. మూడు వారాలు ఆ పిల్ల రాసిన మాటని నువ్వు చదవలేదు, చదవగలిగినవాడికి చూపించలేదు."

"వదినా, కాస్త..."

"ఈ మబ్బుకి నీడేదీ?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. రెండో బొమ్మ చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. చేతిలోని దారం వదిలేశాడు.

"పటాల సారే తెచ్చిచ్చాడు," అన్నాడు చివరికి. "అడక్కుండానే. సహకరిస్తున్నాడని మెచ్చుకున్నాను కూడా."

"మబ్బుగా ఉందని డ్రైవరూ అన్నాడు. ఇద్దరికీ ఒకే మబ్బు ఎలా కనపడింది? ఆకాశంలో లేని మబ్బు?"

"అన్నయ్య ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు ఇన్‌స్పెక్టర్.

"రైటర్ని పిలు," అన్నారు వదినగారు.

చీటీ చూసి రైటరు కంప్యూటర్లో ఆ పేజీ తెరిచాడు. తేదీ కొట్టాడు. బొమ్మ పైనుంచి ఒక్కో వరసా దిగుతోంది. ముందు పొలాలు, తరువాత గట్టు. అక్కడ ఆగిపోయింది. రైటరు మిషను పక్కన ఒక దెబ్బ వేశాడు. వదినగారు గడియారం చూశారు. నాలుగూ నలభై ఏడు. మళ్లీ కదిలింది.

ఈశాన్య మూల మీద మబ్బు లేదు. పదహారో చుక్క దగ్గర పచ్చ దుప్పటి విప్పి ఉంది, బూడిద నీలం మచ్చ. పక్కనే తెల్లటి గడి ఒకటి, షెడ్డులో ఉందన్న మిషను. ఆ మచ్చ పదహారు దగ్గర ఆగలేదు. సన్నటి తోకలా పదిహేడు దాకా పాకింది.

"పది నలభై రెండు," అన్నారు వదినగారు. "ఆ వేళకి ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. మనిషి ఈ బొమ్మలో కనపడనంత చిన్నది. అంతే తేడా."

ఇన్‌స్పెక్టర్ పటాల ఆఫీసుకి ఫోను చేశాడు. సారు మధ్యాహ్నమే వెళ్లిపోయారట, చెరువు పని ఉందని. ఫోను పెట్టకుండానే, చెరువు గట్టున బీటు తిరిగే కానిస్టేబుల్ని లైన్లోకి తీసుకుని తాత ఇల్లు చూసి రమ్మని చెప్పమన్నాడు రైటర్ని.

రైటరు విన్నాడు. "గేజి తాత తలుపు తీసే ఉందటండీ. లోపల లేడు. రేవులో పడవ లేదు."

"పుస్తకం?" అన్నారు వదినగారు. "కొలత పుస్తకం ఉందా?"

రైటరు అడిగాడు. కాసేపు ఆగాడు. "అరుగు మీద తెరిచి ఉందటండీ. మట్టం ఐదడుగుల పదకొండంగుళాలు. గాలి కొద్దిగా. ఆకాశం నిర్మలం. కింద, గడి బయట ఒక అంకె వేశాడట. పదిహేడు."

"అంతేనా?"

"అంతేనండీ. వెనక ఏదో చప్పుడు..." రైటరు ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. "కలుపు మిషనట. జమ్ము అవతల తిరుగుతోందట."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే టోపీ తీసుకుని గుమ్మం దాటాడు. జీపు రెండుసార్లు గురగురమని ఆగింది, మూడోసారికి అందుకుంది. వదినగారు ఎక్కుతూ లోపలికి ఒకసారి చూశారు. బల్ల మీద ఎర్ర మట్టి, విప్పిన దారం.

ఐదయింది. ఫైలు మూయలేదు. పదిహేడు ఇంకా కొలవలేదు.